ముప్ఫై ముగ్గురి లెక్క

1992లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నుంచి ఒక చిన్న పరిశోధనాపత్రం వచ్చింది. రాసింది ఎవా డాల్‌గ్రెన్, ఆమె సహచరులు. 1956–65 మధ్య అండాశయాల్లో కొంత భాగాన్ని ముక్కగా కోసి తీయించుకున్న 33 మంది ఆడవాళ్ళను వాళ్ళు ఇరవై ముప్ఫై ఏళ్ళ తర్వాత మళ్ళీ పిలిపించారు. నడుం కొలిచారు, రక్తపోటు చూశారు, రక్తం తీసి చక్కెరా కొవ్వులూ లెక్కగట్టారు. అదే వయసున్న మరో 132 మందితో పోల్చారు. రక్తపోటు ఆ 33 మందిలో 39 శాతానికి ఉంటే ఈ 132 మందిలో 11 శాతానికే ఉంది. మధుమేహం వాళ్ళలో 15 శాతానికి, వీళ్ళలో 2.3 శాతానికి. ఈ కొలతలన్నీ తీసుకెళ్ళి, ఆ ఊళ్ళోనే 1968 నుంచి ఆడవాళ్ళ మీద నడుస్తున్న ఒక పెద్ద అధ్యయనం ఇచ్చిన సూత్రంలో పెడితే ఒక అంకె వచ్చింది: 7.4. అంటే పీసీఓఎస్ ఉన్న ఆడమనిషికి గుండెపోటు వచ్చే అవకాశం లేనివాళ్ళ కంటే ఏడు రెట్ల పైచిలుకు.

ఆ అంకెకు అక్కణ్ణుంచి కాళ్ళొచ్చాయి. సమీక్షా వ్యాసాల్లోకి, పాఠ్యపుస్తకాల్లోకి, అటు నుంచి ఆదివారం ఆరోగ్య పేజీల్లోకి నడిచింది. నేను దాన్ని మొదట చూసింది అలాంటి ఒక పేజీలోనే: “ఏడు రెట్లు” అని, ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పకుండా. నాకు ఇరవై నాలుగో ఏట ఈ జబ్బుందని చెప్పారు. ఇప్పుడు ముప్ఫై ఆరు. వృత్తి సాఫ్ట్‌వేరు, వ్యసనం పుస్తకాలు. ఈ రెండింటి వల్లా ఒక అలవాటు పట్టుకుంది. ఏదైనా అంకె వింతగా కనబడితే అది ఏ ఫైల్లో పుట్టిందో, ఎవరు రాశారో, ఎన్ని చేతులు మారిందో చూస్తే గానీ నిద్రపట్టదు. అలా వెనక్కి వెళ్తే ఈ 33 మంది దొరికారు. ఇంకాస్త తవ్వితే తెలిసిందేమంటే, ఆ పత్రంలో ఎవరి గుండెపోట్లనూ లెక్కపెట్టలేదు. 7.4 అన్నది జరిగిన సంగతి కాదు, జరగబోతుందని సూత్రం వేసిన అంచనా. రచయితలు దాన్ని దాచిపెట్టలేదు కూడా, పత్రం పేరులోనే ఆ మాట ఉంది. పైగా 33 మందిలో 15 శాతం అంటే ఐదుగురు మనుషులు.

ఆ అంచనాకు తర్వాత ఏమైందో చెప్పేముందు అసలు ఆ 33 మంది అండాశయాలు ఎందుకు కోశారో చెప్పాలి. అది తెలియకపోతే, గుండె సంగతి ఈ కథలోకి ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చిందో అర్థం కాదు.

ఈ జబ్బు చరిత్ర రాసేవాళ్ళందరూ 1721 నుంచి మొదలుపెడతారు. ఇటలీలోని పడువాలో ఆచార్యుడిగా ఉన్న ఆంటోనియో వల్లిస్నేరి ఆ ఏడాది ఒక పల్లెటూరి యువతి గురించి రాశాడు. పెళ్ళయింది, కాస్త ఒళ్ళు చేసింది, పిల్లలు లేరు. ఆమె అండాశయాలు మామూలు కంటే పెద్దవిగా, గడ్డలు గడ్డలుగా, తెల్లగా నిగనిగలాడుతూ పావురం గుడ్లలాగా ఉన్నాయట. ఆ కొద్ది మాటల్లో జబ్బు లక్షణాలు దాదాపు అన్నీ ఉన్నాయి. అంతకంటే ముఖ్యం, తర్వాతి మూడు వందల ఏళ్ళ పాటు వైద్యం ఈ మనిషిని ఏ వైపు నుంచి చూడబోతోందో కూడా అందులోనే ఉంది. ఆమె గురించి మనకు తెలిసిన మొదటి సంగతి పిల్లలు లేకపోవడం.

ఇరవయ్యో శతాబ్దానికి వస్తే ఇర్వింగ్ స్టైన్, మైకేల్ లెవెంతాల్ అనే ఇద్దరు షికాగో గైనకాలజిస్టులు. 1935లో వాళ్ళు ఏడుగురు ఆడవాళ్ళ గురించి రాశారు. నెలసరి సరిగా రాదు, కొందరికి మొహం మీదా ఒంటి మీదా వెంట్రుకలు, అండాశయాలు రెండూ ఉబ్బి ఉన్నాయి. అప్పట్లో అల్ట్రాసౌండ్ లేదు. స్టైన్ పొట్టలోకి వాయువు ఎక్కించి ఎక్స్‌రే తీసేవాడు, ఆ నీడల్లో అండాశయం ఎంతుందో కనబడేది. తర్వాత పొట్ట కోసి ఒక్కో అండాశయంలో సగం నుంచి ముప్పాతిక భాగం దాకా పచ్చడి మామిడికాయ చెక్కలాగా కోసి తీసేశారు. బయాప్సీకి ముక్క తీసినప్పుడు కొందరికి నెలసరి తిరిగి రావడం గమనించి, అదే వైద్యం చేసేశారన్నమాట. ఏడుగురికీ నెలసరి మొదలైంది, ఇద్దరు గర్భం దాల్చారు. జబ్బుకు ఇద్దరి పేరూ పెట్టేశారు, స్టైన్-లెవెంతాల్ సిండ్రోమ్ అని. మా అమ్మ తరం డాక్టర్లు ఇంకా ఆ పేరే వాడేవాళ్ళు.

విజయం అంటే ఏమిటో కూడా ఆ పత్రమే నిర్ణయించేసింది. నెలసరి వచ్చిందా, కడుపు పండిందా. ఆ తర్వాత ఆ ఏడుగురికీ ఏభయ్యో ఏట ఏమైందీ అన్న ప్రశ్న గైనకాలజిస్టు గదిలోంచి పుట్టే అవకాశం లేదు. బిడ్డ పుట్టాక ఆమె ఆ గదికి ఎందుకు వస్తుంది?

దీనికి పధ్నాలుగేళ్ళ ముందే, 1921లో, పారిస్‌లో అషార్, తియేర్ అనే ఇద్దరు వైద్యులు ఇంకో వైపు నుంచి ఇదే ఇంటి తలుపు తట్టారు. వాళ్ళు రాసింది గడ్డమున్న ఆడవాళ్ళకు వచ్చే మధుమేహం గురించి. పత్రం పేరు కూడా ఇంచుమించు అదే. అప్పటికి సర్కసుల్లో గడ్డం ఆడవాళ్ళను చూపించి టిక్కెట్లు అమ్ముకునే రోజులు ఇంకా పోలేదు, ఆ పేరులో ఆ వాసన కొంత తగుల్తుంది. కానీ వాళ్ళు చూసినది అసలైన సంగతి: మగ హార్మోన్లు పెరగడానికీ ఒంట్లో చక్కెర గతి తప్పడానికీ ఏదో సంబంధం ఉంది. చక్కెర చూసే డాక్టరు ఒకరు, అండాశయం చూసే డాక్టరు ఒకరు. ఈ రెండు పత్రాలూ ఒకదాన్నొకటి పలకరించుకోవడానికి దాదాపు అరవై ఏళ్ళు పట్టింది.

ఎందుకు పట్టిందంటే, కొలవడానికి సాధనం లేదు. ఇన్సులిన్ 1921లోనే దొరికింది గానీ, రక్తంలో ఎంత ఉందో కొలవడం చేతకాలేదు. రక్తంలో అది ఉండేది అంత తక్కువ. న్యూయార్క్ బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో రోజలిన్ యాలో, సాల్మన్ బెర్సన్ కలిసి రేడియోధార్మిక అణువుల సాయంతో దాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1960లో వచ్చిన వాళ్ళ పత్రం నా దృష్టిలో ఈ కథకు అసలు మలుపు, అందులో అండాశయం అన్న మాట లేకపోయినా సరే. బెర్సన్ 1972లో పోయాడు, 1977లో యాలోకు నోబెల్ వచ్చింది. కొలిచే వీలు దొరికాక తెలిసింది ఏమంటే, చాలామంది మధుమేహ రోగులకు ఇన్సులిన్ తక్కువ కాదు, ఎక్కువే ఉంది. ఒళ్ళు దాని మాట వినడం లేదు.

1980లో అమెరికాలోని మెంఫిస్‌లో బర్గెన్, గివెన్స్, కితాబ్చి ఆ కొలబద్దను పీసీఓఎస్ ఉన్న ఆడవాళ్ళ మీద పెట్టి చూశారు. ఎనిమిది మంది పీసీఓఎస్ ఉన్న లావుపాటి ఆడవాళ్ళు, ఆరుగురు అది లేని లావుపాటి ఆడవాళ్ళు. అంతే. మొదటివాళ్ళకు ఇన్సులిన్ ఎక్కువ, ఆ ఇన్సులిన్ ఎంత ఎక్కువైతే మగ హార్మోన్లు అంత ఎక్కువ. 1989లో ఆండ్రియా డ్యునాయిఫ్ బృందం ఇంకో మెట్టు ఎక్కింది: లావు లేని పీసీఓఎస్ ఆడవాళ్ళలో కూడా ఇన్సులిన్ మాట ఒళ్ళు వినడం లేదని చూపించింది. అంటే “బరువు తగ్గమ్మా, అన్నీ అవే పోతాయి” అన్న మాట సగమే నిజం.

లోపల జరిగేది టూకీగా ఇది. కండరాలు ఇన్సులిన్‌కు స్పందించకపోతే క్లోమం ఇంకా ఇంకా ఇన్సులిన్ వదులుతుంది. కండరం చెవిటిదైనా అండాశయం చెవిటిది కాదు, ఆ అదనపు ఇన్సులిన్‌ను విని మగ హార్మోన్లు ఎక్కువ తయారుచేస్తుంది. కాలేయమేమో ఆ హార్మోన్లను కట్టిపడేసే ప్రొటీన్‌ను తగ్గించేస్తుంది. అండం పెరిగే సంచులు మధ్యలోనే ఆగిపోయి, స్కానింగ్‌లో ముత్యాల పేరులా కనబడతాయి. మన పత్రికలు వీటినే “నీటి బుడగలు”, “నీటి తిత్తులు” అని రాస్తుంటాయి. అవి తిత్తులు కావు, పగలకుండా నిలిచిపోయిన అండపు సంచులు. జబ్బు పేరే తప్పని 2012లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ వేసిన నిపుణుల బృందం చెప్పింది, మార్చమని సిఫారసు కూడా చేసింది. ఆ పేరు వినగానే ఆపరేషన్ చేసి బుడగలు తీసేస్తే పోతుందనుకునే బంధువులు నాకు కనీసం నలుగురు ఉన్నారు.

ఇక గుండె వైపు. అదే ఇన్సులిన్ గొడవ వల్ల ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, మంచి కొలెస్టరాల్ తగ్గుతుంది, కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది, రక్తపోటు ఎక్కుతుంది. ఇవన్నీ గుండెపోటుకు దారితీసేవని మగవాళ్ళ విషయంలో అప్పటికే అందరికీ తెలుసు. మగవాళ్ళ విషయంలో అన్నాను చూడండి, అది ఇంకో చరిత్ర.

1964లో అమెరికా గుండె సంఘం వాళ్ళు ఆరెగాన్‌లో గుండెజబ్బుల మీద ఆడవాళ్ళ కోసం మొట్టమొదటి సదస్సు పెట్టారు. దాని పేరు “గుండెలూ భర్తలూ”. భర్త గుండెను భార్య ఎలా కాపాడుకోవాలో నేర్పడానికి పిలిచారు వాళ్ళని. ఇందులో నవ్వుకోవడానికి ఎంత ఉందో కోప్పడడానికీ అంతే ఉంది. ఆడవాళ్ళను అసలు పరిశోధించనే లేదని కొందరు రాస్తుంటారు గానీ అది అన్యాయం. 1948లో మొదలైన ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలో ఉన్న 5,209 మందిలో సగానికి పైగా ఆడవాళ్ళే. కానీ ఆ తర్వాత వైద్యాన్నీ మందుల్నీ నిర్ణయించిన పెద్ద ప్రయోగాలు కొన్ని పూర్తిగా మగవాళ్ళ మీదే జరిగాయి. గుండెజబ్బు ముప్పులను తగ్గిస్తే ఏమవుతుందో చూసిన అమెరికా ప్రయోగంలో 12,866 మంది, ఆస్పిరిన్ మీద జరిగిన ప్రయోగంలో 22,071 మంది డాక్టర్లు. అందరూ మగవాళ్ళే.

1991లో బెర్నడిన్ హీలీ అనే గుండె వైద్యురాలు దీన్ని ఒక సంపాదకీయంలో ఎత్తిచూపింది. ఆ ఏడాదే ఆమె అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకు మొదటి మహిళా డైరెక్టరైంది. గుండెనాళం మూసుకుపోయి, మగవాడికి వచ్చినట్టే గుండెపోటు వస్తే తప్ప ఆడమనిషికి మగవాడితో సమానంగా వైద్యం అందడం లేదని ఆమె వాదన. ఆ పరిస్థితికి ఆమె పెట్టిన పేరు “యెంటిల్ సిండ్రోమ్”. ఐజాక్ బాషెవిస్ సింగర్ కథలో యెంటిల్ అనే అమ్మాయి మతగ్రంథాలు చదువుకోవడం కోసం మగవేషం వేసుకుంటుంది. వైద్య పత్రికలో ఒక యిడ్డిష్ కథానాయిక పేరు జబ్బుకు పెట్టడం కథలు చదివేవాళ్ళకు చిన్న పండగ. మన వైద్యులు ఎవరైనా మన కథల్లోంచి ఇలా ఒక పేరు తీసి పెడితే ఎంత బాగుండునో.

డాల్‌గ్రెన్ పత్రం 1992లో వచ్చిందని గుర్తుంచుకుంటే ఈ రెండు చరిత్రలూ ఎక్కడ కలిశాయో తెలుస్తుంది. ఇన్సులిన్ సంగతి బయటపడి పదేళ్ళు, ఆడవాళ్ళ గుండె గురించి గొంతులు లేచి ఏడాది. అలాంటి సమయంలో 7.4 అన్న అంకె పడితే అది మామూలుగా ఉంటుందా?

తర్వాత ఆరేళ్ళకు బ్రిటన్ నుంచి దానికి పూర్తిగా ఎదురు జవాబు వచ్చింది. పియర్‌పాయింట్ బృందం 1930–79 మధ్య ఆసుపత్రుల రికార్డుల్లో ఈ జబ్బు నమోదైన 786 మంది ఆడవాళ్ళ పేర్లు తీసుకుని, సగటున ముప్ఫయ్యేళ్ళ పాటు ఎవరు బతికున్నారో, ఎవరు ఎందుకు చనిపోయారో చూసింది. 59 మరణాలు. వాటిలో గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల పోయినవాళ్ళు 15 మంది. దేశ జనాభాతో పోలిస్తే ఆ నిష్పత్తి 0.83, అంటే మామూలు కంటే కాస్త తక్కువే! ఏడు రెట్లు ఎక్కడ, ఇది ఎక్కడ. ఆ బృందమే 2000లో 319 మందిని 1,060 మందితో పోల్చి చూస్తే గుండెజబ్బు విషయంలో గట్టి తేడా దొరకలేదు గానీ, పక్షవాతం మాత్రం వీళ్ళలో ఎక్కువగా కనిపించింది.

దీన్ని చూసి ఊపిరి పీల్చుకున్నవాళ్ళు ఉన్నారు. నాకు మాత్రం 7.4ను నమ్మడం ఎంత తొందరపాటో 0.83ను నమ్మడం కూడా అంతే అనిపిస్తుంది. ఇరవైల్లో, ముప్ఫైల్లో జబ్బు తెలిసినవాళ్ళను ముప్ఫయ్యేళ్ళు వెంబడిస్తే వాళ్ళు ఏభైల్లో ఉంటారు. ఆడవాళ్ళకు గుండెపోట్లు పెరిగేది ఆ తర్వాతే. పైగా చావు లెక్కలో బతికి బయటపడిన గుండెపోటు రాదు. 15 మరణాల్లో రెండు మూడు అటూ ఇటూ అయితే నిష్పత్తి ఎగిరి గంతేస్తుంది. చిన్న డేటాతో వచ్చిన బాధ ఇదే, భయపెట్టినా ఓదార్చినా గొంతు ఒకేలా ఉంటుంది.

ఈలోగా మరికొందరు ఇంకోలా అడిగారు. 1997లో న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌లో యాంజియోగ్రామ్ కోసం వచ్చిన అరవై ఏళ్ళ లోపు ఆడవాళ్ళు 143 మందికి అండాశయాల స్కానింగ్ కూడా చేశారు. 42 శాతానికి పాలిసిస్టిక్ అండాశయాలు కనబడ్డాయి, వాళ్ళ గుండెనాళాల్లో పూడికలు ఎక్కువ చోట్ల ఉన్నాయి. గుండె డాక్టరు గదిలో అండాశయాన్ని చూడడం అన్న ఆలోచనే నాకు నచ్చింది. కానీ అన్నిటికంటే నాకు నచ్చింది అమెరికా నర్సుల అధ్యయనం. 1982లో వాళ్ళను ఒక ప్రశ్న అడిగారు: ఇరవై నుంచి ముప్ఫై అయిదేళ్ళ మధ్య మీ నెలసరి ఎలా వచ్చేది? స్కానింగ్ లేదు, హార్మోన్ పరీక్ష లేదు. 82,439 మంది జవాబు చెప్పారు. 1996 దాకా వెంబడించి చూస్తే, నెలసరి బాగా గతి తప్పిందని చెప్పినవాళ్ళకు గుండెజబ్బు ముప్పు సక్రమంగా వచ్చినవాళ్ళ కంటే ఒకటిన్నర రెట్లు ఉంది. 2002లో అచ్చయిన లెక్క 1.53. ఖరీదైన పరీక్షలు చెప్పలేకపోయిన సంగతిని కాగితం మీది ఒక ప్రశ్న చెప్పింది.

అసలు ఎవరికి ఈ జబ్బు ఉన్నట్టు అన్నదే కుదురుగా లేని సమస్య కూడా ఉంది. 1990లో అమెరికాలో జరిగిన సమావేశంలో హాజరైనవాళ్ళ అభిప్రాయాలను ఇంచుమించు ఓట్లలా లెక్కేసి ఒక నిర్వచనం తయారుచేశారు, స్కానింగ్ అక్కర్లేదన్నారు. 2003లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో కూర్చుని, మూడు లక్షణాల్లో ఏ రెండున్నా చాలన్నారు, స్కానింగ్‌ను లోపలికి తెచ్చారు. 2006లో ఇంకో సంఘం ఇంకోలా చెప్పింది. డేటాబేసు నిర్మాణం మార్చేసి పాత రిపోర్టునూ కొత్త రిపోర్టునూ పక్కపక్కన పెట్టి పోలిస్తే మా ఆఫీసులో ఎవరూ ఒప్పుకోరు. ఇక్కడ మాత్రం ముప్ఫయ్యేళ్ళుగా అదే పని.

ఇప్పుడు గోథెన్‌బర్గ్‌కు తిరిగి వెళ్ళాలి. 1987లో పరీక్షించిన ఆ బృందాన్ని ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత ఆ ఊరి వైద్యులే మళ్ళీ పిలిచారు. ఈసారి వచ్చినవాళ్ళు 25 మంది, సగటు వయసు డెబ్భై దాటింది. పోలికకు 68 మంది. 2011లో ష్మిట్ పేరు మీద వచ్చిన ఆ పత్రం చెప్పేదేమంటే, రక్తపోటూ ట్రైగ్లిజరైడ్లూ వీళ్ళలో ఇంకా ఎక్కువే, కానీ గుండెపోట్లు, పక్షవాతం, మరణాలు రెండు గుంపుల్లోనూ ఒకేలా ఉన్నాయి. సూత్రం వేసిన జోస్యం ఆ ఆడవాళ్ళ విషయంలో నిజం కాలేదు.

ఎందుకు కాలేదు? నెలసరి ఆగే వయసుకు పీసీఓఎస్ లేనివాళ్ళు కూడా బరువు, చక్కెరల విషయంలో వీళ్ళను అందుకుంటారన్నది ఒక జవాబు. ముక్క కోసి తీసేయడం వల్లే మగ హార్మోన్లు తగ్గి మేలు జరిగి ఉండొచ్చన్నది ఇంకొకటి. పాతికమంది మీద ఏదీ తేలదన్నది మూడోది, నేను దీనికే ఓటేస్తాను. ఆ ఏడాదే వచ్చిన ఒక సమగ్ర సమీక్ష, డచ్ బృందానిది, అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను కలిపి గుండెజబ్బు లేదా పక్షవాతం ముప్పు రెండు రెట్లు అంది, బరువును లెక్కలోంచి తీసేస్తే 1.55. 2021లో బ్రిటన్ వైద్య రికార్డుల్లోంచి 1,74,660 మంది పీసీఓఎస్ ఉన్న ఆడవాళ్ళ వివరాలు తీసి చూస్తే మొత్తం మీద ముప్పు 1.26 రెట్లు. ఈ ఒకటింపావు రెట్లు అంటే అసలెంతో కూడా ఆ పత్రంలో ఉంది: ఏడాదికి లక్షమందిలో దాదాపు 83 మందికి గుండె, రక్తనాళాల ఘటన. ఏడు రెట్లు అన్న చోట ఎప్పుడూ ఈ రెండో అంకె రాయరు. దేనికి ఏడు రెట్లు అన్నది చెప్పని రెట్లు జాతర్లో గారడీవాడి మాట లాంటివే. జన్యువుల ఆధారంగా చేసిన లెక్కలేమో, పీసీఓఎస్ తనంతట తాను గుండెజబ్బును తెచ్చిపెడుతున్నట్టు కనబడటం లేదంటున్నాయి. ముప్పు వస్తున్నది దానితో చేయి కలిపి నడిచే బరువు, చక్కెర, రక్తపోటుల మీదుగా. అవి కొలవగలిగినవి, మార్చగలిగినవి.

మన దగ్గర ఈ కథ కొంచెం వేరుగా నడవాలి. మన ఒళ్ళే వేరు. పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ అనే ఇద్దరు వైద్యులు పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో 2004లో లాన్సెట్‌లో వచ్చింది. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనబడే లావు మనది. కొలెస్టరాల్ మీద 2018లో వచ్చిన అమెరికా మార్గదర్శకాలు దక్షిణాసియా మూలాలు ఉండడాన్నే ముప్పు పెంచే అంశాల్లో చేర్చాయి, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళు ఇది చూసే ఉంటారు. ఇది సిటీవాళ్ళ జబ్బనుకోవడానికీ లేదు. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి చావులకు కారణాలు అడిగి రాసుకుంటే, మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటురోగాలు చాలా వెనక.

పీసీఓఎస్ లెక్క కూడా మన నేల మీద ఒకటి ఉంది. అనంతపురంలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివే 15–18 ఏళ్ళ అమ్మాయిలు 460 మందిని పరీక్షించి 2011లో అచ్చువేశారు. రాటర్‌డామ్ నిర్వచనం ప్రకారం 9.13 శాతానికి ఈ జబ్బు ఉంది. మన దేశంలో ఆ వయసు అమ్మాయిల మీద తొలినాళ్ళలో వచ్చిన లెక్కల్లో ఇదొకటి, ఇప్పటికీ బయటి దేశాల పత్రాల్లో ప్రస్తావిస్తుంటారు.

నాకు జబ్బు తెలిసినరోజు గదిలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న “పెళ్ళయిందా?” కాలేదన్నాను. “అయితే ఇప్పుడేం కంగారు లేదు, పెళ్ళయ్యాక రండి, అప్పుడు చూద్దాం” అన్నారు. మాత్రలు రాశారు, నెలసరి రావడానికి. బీపీ చూడలేదు, మా నాన్నవైపు ఎవరికైనా గుండెజబ్బు ఉందా అని అడగలేదు. ఉంది, మా పెదనాన్న నలభై ఎనిమిదికి పోయాడు. తర్వాత ఇంకో ఊళ్ళో, ఇంకో డాక్టరు దగ్గర కూడా అదే వరస. ఆవిడ మంచి మనిషి, ఓపిగ్గా మాట్లాడింది, బొమ్మ గీసి చూపించింది. ఆ బొమ్మలో రెండు అండాశయాలూ గర్భసంచీ ఉన్నాయి. మనిషి నడుం పైన ఏమీ గీయలేదు. వల్లిస్నేరి పల్లెటూరి పిల్లను ఏ కిటికీలోంచి చూశాడో, మన ఊళ్ళల్లో ఇంకా ఆ కిటికీయే తెరిచి ఉంది. మన భాషకు కూడా అదే చూపు. పిల్లలు లేని ఆడదాన్ని తిట్టడానికి గొడ్రాలని ఒక మాట తయారుగా ఉంది. ఈ మనిషికి నలభై ఐదేళ్ళకు ఎడమచెయ్యి లాగితే చెప్పుకోవడానికి “గ్యాసేమో” తప్ప ఇంకో మాట లేదు.

ఫలానా డాక్టరు చెడ్డదని కాదు నేననేది. జబ్బు ఏ విభాగం బోర్డు కింద ఉందో దాన్నిబట్టి ప్రశ్నలు వస్తాయి. పిల్లలు కావాలనుకునే రోజుల్లో ఈ జబ్బు గైనకాలజీది. ఆ రోజులు దాటాక అది ఎవరిదీ కాదు. చక్కెర పెరిగితే ఒక డాక్టరు, బీపీకి ఒకరు, ఎవరి ఫైల్లోనూ ఇరవయ్యో ఏటి నెలసరి సంగతి ఉండదు. ఆ నర్సులను అడిగిన ఒక్క ప్రశ్న మా అమ్మ వయసు ఆడవాళ్ళను కార్డియాలజిస్టు అడగగా నేను ఇప్పటిదాకా వినలేదు.

ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం నుంచి హెలెనా టీడ్ నాయకత్వంలో 2018లో ఒకసారి, 2023లో మరోసారి అంతర్జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి. 2023 వాటిలో పీసీఓఎస్ ఉన్న ఆడవాళ్ళందరికీ గుండె ముప్పు ఉందేమో అంచనా వేయాలని ఉంది, నెలసరి ఆగే వయసు లోపు అసలు ముప్పు తక్కువేనని కూడా పక్కనే ఉంది. జబ్బు తెలిసినప్పుడే కొవ్వుల పరీక్ష, ఏటా బీపీ, చక్కెరకు గ్లూకోజు తాగించి చేసే పరీక్ష. ఇవేవీ కొత్తవీ కావు, ఖరీదైనవీ కావు. మండల కేంద్రంలో ల్యాబుల్లో కూడా చేస్తారు. కాకపోతే అడగాలి. నేను కిందటేడు అడిగి చేయించుకున్నాను. ల్యాబ్ కుర్రాడు చీటీ చూసి, “గ్లూకోజు పరీక్ష మామూలుగా కడుపుతో ఉన్నవాళ్ళకు రాస్తారండీ, మీకెన్నో నెల?” అన్నాడు.

అనంతపురం అమ్మాయిలకు ఇప్పుడు ముప్ఫై దాటి ఉంటాయి. ఆ 460 మందిలో తొమ్మిది శాతం అంటే నలభై ఇద్దరు, గోథెన్‌బర్గ్ లెక్క కంటే తొమ్మిది మంది ఎక్కువ.